గరిటె చప్పుడు, నాయిన ఉపవాసం

అమ్మ పోయి ఏడాదైందని నాచారంలో తమ్ముడి ఇంట్లో జ్ఞాపకార్థ కూటం పెట్టారు. ప్రార్థనలయ్యాయి, భోజనాలయ్యాయి, వచ్చినవాళ్ళు వెళ్ళిపోయారు. అప్పుడు తమ్ముడి భార్య విమల అటక మీదినుంచి అమ్మ గిన్నెలన్నీ దింపి గచ్చు మీద పరిచి, "నీకేం కావాల్నో తీస్కో వదినె" అంది. రాగి బిందె ఉంది, మూత సరిగ్గా పట్టని కంచు గిన్నె ఉంది, పిండివంటల గుండిగ ఉంది. నేను ఒక ఇత్తడి గరిటె తీసుకున్నాను. దాని అంచు ఒకవైపు అరిగి చదునైపోయింది, కాడ కొంచెం వంకర తిరిగింది. "గదేం జేస్కుంటవ్ వదినె, వంకరపోయింది. గా బిందె తీస్కపో" అని విమల నొచ్చుకుంది. ఆమెకు ఆ గరిటె సంగతి తెలియదు. ఆమె మా ఇంటికి కోడలిగా వచ్చేనాటికి చుట్టాలు ముందే ఫోన్ చేసి రావడం మొదలైంది. గరిటెకు కూర కలపడం తప్ప వేరే ఉద్యోగం మిగల్లేదు.

ఆ గరిటెను ప్రేమకొద్దీ తీసుకున్నాననుకుంటే పొరపాటు. కుళ్ళుకొద్దీ తీసుకున్నాను. చిన్నప్పుడు మా వాడకట్టులో పిల్లలు ఒకరి గౌను చూసి ఒకరు కుళ్ళుకునేవాళ్ళు, పుట్టిన చెల్లెల్ని చూసి కుళ్ళుకునేవాళ్ళు. నేను మాత్రం మా అమ్మానాయినల నవ్వు చూసి కుళ్ళుకునేదాన్ని. వాళ్ళిద్దరూ కలిసి నవ్వేవాళ్ళు, ఆ నవ్వులోకి నన్ను రానిచ్చేవాళ్ళు కాదు. అంతే నా ఫిర్యాదు. డెబ్బై దాటిన మనిషి చెప్పుకోవాల్సిన కష్టమా ఇది అంటారేమో. కడుపులో మంటకు వయసు ఏం తెలుస్తుంది?

మా నాయిన దేవదానం నాచారంలో ఒక ఫ్యాక్టరీలో ఫిట్టరు. అమ్మ సుగుణమ్మ. ఇద్దరిదీ జనగామ పక్కన పల్లె. అప్పట్లో నాచారంలో ఫ్యాక్టరీలు ఒక్కొక్కటిగా లేస్తున్నాయి, వాటి మధ్య ఇంకా జొన్నచేన్లూ ద్రాక్షతోటలూ ఉండేవి. పొద్దున్నే సైరను కూతకు లేచేవాళ్ళం. మాది రెండు గదుల రేకుల ఇల్లు, తమ్ముడు అప్పటికింకా పుట్టలేదు. ముందు గదిలో ఒక బల్ల, గోడకు క్యాలెండరు, మూలకు చుట్టిపెట్టిన చాపలు. వెనక గది వంటిల్లు. రెండింటికీ మధ్య తలుపు లేదు, అమ్మ పాతచీర చింపి కుట్టిన పరదా ఉండేది. ఆ పరదాకు ఎప్పుడూ పోపు వాసన, కిరసనాయిలు వాసన. వాళ్ళు నవ్వుకునేది దాని వెనకే. చేతితో పక్కకు జరిపితే జరిగే గుడ్డముక్క అది, అయినా నా పాలిట అది కోటగోడే అయింది.

వరంగల్ వైపు నుంచి వచ్చే బస్సు ఉప్పల్ చౌరస్తాలో ఆగేది. పెద్ద దవాఖానాకు వచ్చిన రోగులు, పని వెతుక్కుంటూ వచ్చిన పిల్లగాళ్ళు, ఊరికే పట్నం చూద్దామని వచ్చిన ముసలివాళ్ళు, మా ఊరివాళ్ళందరూ అక్కడ దిగి, "ఫిట్టరు దేవదానం ఇల్లేడ?" అని అడుగుతూ నాచారం దాకా నడిచి వచ్చేవాళ్ళు. ఇది చాలదన్నట్టు ఆదివారం ఆరాధన అయ్యాక నాయిన కనపడ్డవాళ్ళనల్లా వెంటబెట్టుకొచ్చేవాడు. ఎవరినైనా "తిన్నవా?" అని అడగడం ఆయనకు తెలియదు. "పా, తిందాం" అనేవాడు. "ఉప్పల్ల బస్సు దిగెటోనికి టిక్కెటు మీదనే మనింట్ల బువ్వ అని రాసిస్తున్నట్టున్నరు" అని అమ్మ గొణిగేది. గొణుగుతూనే పొయ్యిలోకి మరో కట్టె తోసేది.

అన్నం చాలకపోతే బాధ లేదు, ఇంకో శేరు బియ్యం పడేస్తే ఉడుకుతుంది. కూరతోనే చిక్కు. వచ్చినవాళ్ళ ముందు మొగుణ్ణి లోపలికి పిలిచి కూర చాలదని చెప్పడం ఎట్లా? అందుకని అమ్మ పరదా వెనక నుంచి గిన్నె అంచు మీద గరిటెతో టకటకా కొట్టేది. ఆ చప్పుడు వినపడగానే ముందు గదిలో నాయినకు ఏదో ఒక రోగం వచ్చేది. "మీరు కూసోండ్రి, నాకు పన్ను సలుపుతుంది" అనేవాడు. "ఫ్యాక్టరీల మిర్చీలు తిన్న, కడుపు ఉబ్బింది" అనేవాడు. నాకు అప్పటికి ఈ రెండింటికీ లంకె తెలియదు. మా నాయిన పళ్ళు చుట్టాలొచ్చినప్పుడే ఎందుకు సలుపుతాయా అని మాత్రం అనుకునేదాన్ని.

వచ్చినవాళ్ళు వెళ్ళాక వాళ్ళిద్దరూ పొయ్యి పక్కన పీటలేసుకుని, అడుగున మిగిలిన అన్నంలో పచ్చిపులుసు పోసుకుని, ఉల్లిగడ్డ కొరుక్కుంటూ తినేవాళ్ళు. అప్పుడు మొదలయ్యేది. "సూసినవా, గా వచ్చినాయన నాకొద్దు నాకొద్దనుకుంట చెయ్యి అడ్డం వెట్టిండు. మల్ల వేళ్ళ సందులు ఇడిసిండు, కూర జారాలె గదా" అని నాయిన తన చెయ్యి కంచం మీద పెట్టి వేళ్ళు విడదీసి చూపేవాడు. అమ్మ నోట్లో ముద్ద ఉండగానే కొంగు అడ్డం పెట్టుకుని ఊగిపోయేది. ఆమె నవ్వుకు చప్పుడుండదు, భుజాలు ఎగురుతాయి. ఆ భుజాలు చూసి నాయిన ఇంకా రెచ్చిపోయేవాడు. నేను పరదా జరిపి, "ఏందమ్మా?" అనేదాన్ని. ఇద్దరూ ఒక్కసారే ఆపేసేవాళ్ళు. "ఏం లేదు బిడ్డ" అనేది అమ్మ. ఆపడమే నాకు మంట. నన్ను చూసి ఆపేంత ఏముంది అందులో? నేను ఇటు తిరగగానే వెనక మళ్ళీ కిసుక్కుమనేవాళ్ళు.

మా పక్కింట్లో గుంటూరు వైపు నుంచి వచ్చినవాళ్ళు ఉండేవాళ్ళు. వాళ్ళ అమ్మాయి వరలక్ష్మి నా ఈడుది. వాళ్ళ అమ్మానాన్నలకు క్షణం పడేది కాదు. ఆయన కంచం విసిరేస్తే ఈమె రెండురోజులు మాట్లాడేది కాదు. మాట్లాడాల్సినవన్నీ వరలక్ష్మితోనే మాట్లాడేది. "చూశావుటే మీ నాన్న నిర్వాకం? జీతం రాగానే ఆ స్నేహితుడికి పోసొచ్చారు. నీకు కాకపోతే ఎవరికి చెప్పుకోనే?" అంటూ పిల్లదాన్ని పక్కన కూర్చోబెట్టుకుని తల దువ్వేది. వరలక్ష్మి ఏడుపుముఖం పెట్టుకుని మా ఇంటికొచ్చి, "మీ అమ్మానాన్నలు ఎంత బావుంటారే" అనేది. నాకేమో అరికాలి మంట నెత్తికెక్కేది. వాళ్ళమ్మకు వరలక్ష్మి తప్ప గతి లేదు. మా అమ్మకు నా అవసరమే లేదు. పొరుగింటి పుల్లకూర రుచి అంటారు గదా, నాకు పొరుగింటి కొట్లాట కూడా రుచిగానే కనపడింది.

చివరికి ఆ లంకె నాకు తెలిసింది కొత్త అయ్యగారు మా ఇంటికి వచ్చిన రోజున. సంఘంలో వారానికొక ఇంట్లో సాయంత్రం పూట ప్రార్థన కూటం జరిగేది. మా వంతు వచ్చింది. కొత్తగా వచ్చిన పాస్టరయ్య, ఆయన భార్య, ఇద్దరు సంఘపెద్దలు వస్తున్నారు గనుక అమ్మ నాటుకోడిని కోయించింది. అల్లంవెల్లిగడ్డ దంచి, ఎండుకొబ్బరీ గసాలూ నూరి, పెద్ద గిన్నె నిండా కూర చేసింది. ఆ వాసనకు మా వాడకట్టు కుక్కలన్నీ వచ్చి గుమ్మం ముందు కూర్చున్నాయి. పాటలైనాయి, వాక్యమైంది, ముందు గదిలో చాపలు పరిచి కంచాలు పెట్టారు. నేను వంటింట్లో అమ్మ పక్కనే నిలబడి ఉన్నాను. అమ్మ చివరిసారి కూర కలిపి, గరిటెకు అంటుకున్న మసాలా దులపడానికి గిన్నె అంచుకేసి కొట్టింది. టకటకటక.

అవతల నాయిన గొంతు వినపడింది. "అయ్యగారూ, మీరు తినుండ్రి. నాకియ్యాల ఉపవాసం."

పన్ను అని ఉంటే పోయేది. అయ్యగారి ముందు పన్ను మరీ చిన్నదనిపించిందో ఏమో, ఉపవాసం అన్నాడు. అమ్మ చేతిలో గరిటె అట్లాగే ఆగిపోయింది.

"ఉపవాసమా? దేన్ని గురించి సోదరా?" అన్నాడు అయ్యగారు.

నాయిన పైన రేకుల వైపు చూశాడు. "మా ఊర్ల వానల్లేవయ్యగారూ. చేన్లు ఎండుతున్నయి. గందుకని..."

"ఎంత మాటన్నవ్ సోదరా! నువ్వు ఒక్కనివి వానల కోసరం పస్తుంటే మేం కోడికూర తింటమా? పెద్దలారా, మనం గూడ దేవదానంతోటి ఉందాం. కంచాలు తియ్యిండ్రి. మోకరిద్దాం."

పరదా సందులోంచి పెద్దల ముఖాలు నేను చూశాను. వాళ్ళకు వానలకన్నా కోడి మీదే భక్తి ఎక్కువగా ఉంది. అయినా ఏమంటారు? అందరూ మోకాళ్ళ మీద కూర్చున్నారు. అయ్యగారు జనగామ తాలూకా చెరువులన్నిటి కోసం పేరుపేరునా ప్రార్థన చేస్తున్నాడు. అమ్మ పరదా కొంచెం జరిపి, ఆవిరి కక్కుతున్న గిన్నెను అట్లాగే ఎత్తి నాయినకు చూపించింది. నాయిన ఒక కన్ను తెరిచి ఆ నిండు గిన్నె చూశాడు. ఇంకేముంది, ఆయన భుజాలు ఎగరడం మొదలుపెట్టాయి. ముఖం చేతుల్లో దాచుకున్నాడు. అయ్యగారు ఆయన ఏడుస్తున్నాడనుకుని వీపు మీద చెయ్యి వేసి, ఇంకా గట్టిగా, ఇంకా పొడుగ్గా ప్రార్థన చేశాడు. అమ్మ పొయ్యి దగ్గర కూలబడి కొంగు నోట్లో కుక్కుకుంది.

వాళ్ళు వెళ్ళిపోయాక అమ్మ గరిటె పట్టుకుని నాయిన మీదికి పోయింది. "మసాల దులిపిన! వట్టిగ మసాల దులిపినయ్యా! నీకు ఉపవాసమెక్కడికెల్లి వచ్చె?" అంటూనే నవ్వలేక చతికిలపడింది. అప్పుడు తెలిసింది నాకు, పన్ను సలుపు సంగతి, కడుపు ఉబ్బరం సంగతి, అంతా. "ఏందమ్మా?" అని అడగలేదు ఆ పూట. మాట ఇచ్చాం గదా అని వాళ్ళిద్దరూ ఆ కూర ముట్టలేదు, పొద్దున్నే చద్దన్నంలో తిన్నారు. నాకు తొడముక్క వేశారు. తొడముక్క ఎవరిక్కావాలి?

తర్వాత వారం నిజంగానే వాన పడింది. మా వంటింటి రేకుల్లోంచి కారేంత వాన. ఆదివారం అయ్యగారు దేవదానం ఉపవాసాన్ని సంఘమంతటికీ సాక్ష్యంగా చెప్పాడు. మా మందిరంలో మగవాళ్ళు ఒకవైపు, ఆడవాళ్ళు ఒకవైపు చాపల మీద కూర్చునేవాళ్ళు. "లేచి నిలవడు సోదరా" అంటే నాయిన లేచాడు. లేచి, అంతమంది తలల మీదుగా ఆడవాళ్ళ వైపు చూశాడు. అమ్మ నా పక్కనే కూర్చుని ఉంది. ఆమె ఒళ్ళు ఉడుకుతున్న గిన్నె మూతలాగా అదురుతోంది, నాకు భుజానికి తగులుతోంది. అమ్మకు అంత దగ్గరగా కూర్చున్నది నేను. ఆమె ఉన్నది మాత్రం అవతలి వైపున.

నేను ఊరుకోలేదు. రహస్యం తెలిసింది గదా, ఇక నన్ను కలుపుకోక ఏం చేస్తారనుకున్నాను. కొన్నాళ్ళకు మా మేనమామ, ఆయన వెంట ఇంకో ఇద్దరు దవాఖానా నుంచి వచ్చారు. ఇంట్లో కోడిగుడ్ల పులుసు. పరదా వెనక టకటకా మోగింది. నాయిన నోరు తెరిచేలోపల నేను ముందు గదిలోకి పోయి, చెంప పట్టుకుని, "నాకు ఆకలైతలేదు. పన్ను సలుపుతుంది" అన్నాను.

నాయిన తెరిచిన నోరు తెరిచినట్టే ఉంది. పరదా పక్కనుంచి అమ్మ ముఖం బయటికొచ్చింది. నేను ఇద్దరి మధ్యలో నిలబడి వాళ్ళ చూపు కోసం చూస్తున్నాను. ఇప్పుడు నా వైపు చూస్తారు, ముగ్గురం కలిసి నవ్వుతాం. వాళ్ళు చూశారు. ఒకరినొకరు చూసుకున్నారు. ఆ చూపు నా నెత్తి మీదుగా పోయింది. నాయిన పొట్ట పట్టుకుని వంగిపోయాడు, అమ్మ పరదాలో ముఖం దాచుకుంది. మా మామ ఏమీ తెలియక, "పోరికి పన్ను నొస్తుందంటే నవ్వుతరేందయ్యా?" అని కోప్పడ్డాడు. నాయిన ఆ నవ్వులో పడి తన రోగం సంగతే మర్చిపోయి, చక్కగా కూర్చుని రెండు గుడ్లు తిన్నాడు. నేను పెరట్లో బట్టలుతికే బండ మీద కూర్చుని పులుసు వాసన పీల్చుకున్నాను. తర్వాత అమ్మ పచ్చిపులుసు అన్నం కలుపుకొచ్చి నోట్లో ముద్దలు పెట్టింది. "నా బంగారు తల్లి" అంది. కళ్ళల్లో ఇంకా నవ్వు ఆగలేదు. నన్ను ముద్దు చేశారు. నేను అడిగింది ముద్దు కాదు, పొయ్యి పక్కన మూడో పీట. ఆనాటి నుంచి ఇంటికి ఎవరొచ్చినా "మా సలోమికి గూడ పన్ను సలిపింది" అని చెప్పుకుని నవ్వడం వాళ్ళకు అలవాటైంది. నవ్వేవాళ్ళలో చేరబోయి నవ్వులాటనై కూర్చున్నాను.

నా పెళ్ళయింది. మా ఆయన మంచివాడు. ఈ మాట నేను మనస్ఫూర్తిగా అంటున్నాను. ఒకరోజూ నన్ను ఒక మాట అనలేదు, పిల్లల్ని చదివించాడు, వేళకు ఇంటికొచ్చాడు. పెళ్ళయిన కొత్తలో ఒక సాయంత్రం ఆయనకు కోడికూర ఉపవాసం కథంతా చెప్పాను. గొంతులు మార్చి, చెరువుల ప్రార్థనతో సహా చెప్పాను. ఆయన శ్రద్ధగా విని, "మరి ఆ కూర ఏమైంది? పాడు కాలేదు గదా?" అని అడిగాడు. ఆ రోజు అమ్మ మీద పుట్టిన ఈర్ష్య ఇంతా అంతా కాదు. రేకుల ఇంట్లో పచ్చిపులుసు తాగి బతికిన మనిషికి ఉన్నది, డాబా ఇంట్లో నాకు లేదు. పుట్టింటికి పోయినప్పుడల్లా చూసేదాన్ని, తలలు పండిపోయాక కూడా ఏ పళ్ళెం జారిపడినా, ఏ చుట్టం పేరు తప్పుగా పిలిచినా, ముందు వాళ్ళిద్దరి కళ్ళూ కలుసుకునేవి. నాకు అరవయ్యేళ్ళు వచ్చినా "ఏందమ్మా?" అంటే "ఏం లేదు బిడ్డ" అనేది.

నాయిన పోయాక కొన్నేళ్ళకు అమ్మను తీసుకుని మందిరానికి వెళ్ళాను. చాపలు పోయి కుర్చీలు వచ్చాయి, ఫ్యాన్లూ మైకులూ వచ్చాయి, మగవైపు ఆడవైపు మాత్రం అట్లాగే ఉంది. ప్రకటనలు చదివే కుర్రాడు మైకు పట్టుకుని, "శుక్రవారం ఉపవాస ప్రార్థన ఉంటది. పొద్దున టిఫిను, మధ్యాహ్నం భోజనాల ఏర్పాటు ఉన్నది, అందరు తప్పకుండ రావాలె" అన్నాడు. ఎవరూ నవ్వలేదు. నా పక్కన అమ్మ భుజాలు కదిలాయి. తొంభైకి దగ్గరపడ్డ మనిషి, మెడ తిరగదని రోజూ మూలిగే మనిషి, మెడ తిప్పి మగవాళ్ళ వైపు చూసింది. మూడో వరసలో కిటికీ పక్కన నాయిన కూర్చునే చోటు. అక్కడ ఎవరో పిల్లవాడు కూర్చుని సెల్లు చూసుకుంటున్నాడు. అమ్మ చూపు అక్కడే కాసేపు వెతికింది. తర్వాత మెల్లగా తిరిగి నా మీదికి వచ్చింది. కళ్ళ నిండా నవ్వు. నేను కూడా నవ్వాను. ఎన్నాళ్ళ నుంచి అడుగుతున్న చూపు అది! దొరికింది. ముందు అటు పోయి, అక్కడ మనిషి లేక, నా దగ్గరికి వచ్చింది. ఇంటికొచ్చేటప్పుడు ఆటోలో అమ్మ నా చెయ్యి పట్టుకుని, "మీ నాయిన ఉంటే గీ మాటకు పదిరోజులు నవ్వేటోడు" అంది. చచ్చిపోయిన మనిషి మీద, అదీ కన్నతండ్రి మీద, ఎవరైనా కుళ్ళుకుంటారా? నేను కుళ్ళుకున్నాను.

మొన్న గరిటె సంచిలో వేసుకుని ఉప్పల్ మెట్రో స్టేషనుకు వచ్చాను. సంచి మిషన్లోంచి పోయాక అక్కడి గార్డు అమ్మాయి ఆపింది. సంచిలో చెయ్యిపెట్టి గరిటె బయటికి తీసి, అటూ ఇటూ తిప్పి, "ఏందమ్మా ఇది, గింత పొడుగున్నది?" అని ఇనుప బల్ల అంచు మీద కొట్టి చూసింది. టకటకా మోగింది. వెనక లైన్లో ఉన్నవాళ్ళు తొంగిచూశారు. నాకు కడుపులోంచి నవ్వు తన్నుకొచ్చింది. ఆ నవ్వుతోనే పక్కకు తిరిగి చూశాను, చూసేదాకా తెలియలేదు నేను ఎవరి కోసమో వెతుకుతున్నానని. ఒకాయన చెవుల్లో పాటలు వింటున్నాడు. ఒక అమ్మాయి "జర తొందరగా ఆంటీ" అంది. గరిటె తీసుకుని రైలెక్కాను. ఇంటికొచ్చి మా ఆయనకు చెప్పాను. "మరి లోపలికి రానిచ్చిన్రా?" అన్నాడు.

ఆ సాయంత్రం వంకాయ కూర చేశాను. కలిపి, దించి, గరిటె గిన్నె అంచుకేసి గట్టిగా కొట్టాను. చదునుగా అరిగిన వైపు సరిగ్గా అంచు మీద కూర్చుంది. ఆ అరుగు అక్కడికి ఎట్లా వచ్చిందో నాకొక్కదానికే తెలుసు.

"ఏంది చప్పుడు?" అన్నాడు మా ఆయన ముందు గదిలోంచి.

"ఏం లేదు" అన్నాను. అమ్మ కూడా ఎప్పుడూ ఇదే మాట అనేది. నేను నమ్మేదాన్ని కాదు. మా ఆయన వెంటనే నమ్మేసి టీవీ చూసుకున్నాడు.